హెవీ మెటల్ సంగీతము – సేకరణ వినోదము



గృహిణికి వినోదము వలదని యెవ్వరును నోరు విడిచి చెప్పరు. కాని యింటిలో నొక్కొక్కరి వేడుకకును నొక్కొక్క తావు కేటాయించిన పిమ్మట మన వేడుకకు మిగులు తావెంతయో మనకే తెలియును. పిల్లల క్రికెట్టు బ్యాట్లకు తలుపుమూల కలదు. మగవారి పుస్తకములకును, పాత గడియారములకును గాజు బీరువా కలదు. మనము కన్నెప్రాయమున ముచ్చటపడి కూర్చుకొన్న వస్తువులు మాత్రము సారెతోపాటు అత్తవారింటికి రావు. పుట్టింటి యటకపై నుండిపోవును. పదిపండ్రెండేండ్లు గడచిన పిమ్మట నెవరైనను “నీకేది యిష్టము?” అని యడిగినచో, పిల్లల కిష్టమైన కూర పేరు చెప్పి యూరకుందుము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది అట్లు విడిచిపెట్టిన వేడుకను మరల చేపట్టుటను గూర్చి. ఒకరికది తపాలాబిళ్లలు కావచ్చును, ఇంకొకరికి ముగ్గుల పుస్తకములు కావచ్చును. మాకది హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతము, దాని క్యాసెట్టులు, రికార్డులు. తండ్రిగారి యొద్ద అమరమును, భారతమును, వసుచరిత్రమును చదువుకొన్న స్త్రీ కిదేమి వింత రుచి యని కొందరు నవ్వుదురు. ఆ నవ్వునకు సమాధానముగా ముందు ఆ సంగీతమెట్టిదో చెప్పెదము.

హెవీ మెటల్ అనగా మాటకు మాట బరువైన లోహము. పేరు వినగానే కంచుగంగాళము మెట్లపై దొర్లిన చప్పుడు తలపునకు వచ్చుట సహజము. విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారులు, మంద్రస్వరము పలుకు బాసు గిటారు, కాళ్లకును చేతులకును సమానముగా పని కల్పించు డ్రమ్ములు, వీనిపై గొంతెత్తి పాడు గాయకుడు – ఇది సాధారణముగా దాని మేళము. ధ్వనివర్ధక యంత్రమును దాని శక్తికి మించి పలికించుటచేత గిటారు నాదము గరుకుపడి, ఉరుమువలె సాగుచుండును. ఆ గరుకుదనమే యీ సంగీతమునకు జీవము.

దీని పుట్టుక ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున జరిగినదని పలువురు చెప్పుదురు. ఆ నగరము ఇనుపపనులకును, కర్మాగారములకును ప్రసిద్ధి. అచ్చటి శ్రామిక కుటుంబములలో పుట్టిన నలుగురు యువకులు – టోనీ అయోమీ, ఓజీ ఆస్బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ – బ్లాక్ సాబత్ అను మేళము నేర్పరచిరి. వీరిలో గిటారు వాయించు అయోమీ పదునేడేండ్ల వయస్సున రేకుల కర్మాగారమున పని చేయుచుండెను. పని మానుకొని మేళముతో వెడలిపోవలసిన కడపటి దినముననే యంత్రము క్రిందబడి అతని కుడిచేతి నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు – రెండింటి కొనలును తెగిపోయెను. అతడు ఎడమచేతి వాటము గలవాడగుటచే తంత్రులను నొక్కవలసినది ఆ కుడిచేతి వ్రేళ్లతోనే. ఇక వాయింపుట కల్ల యని అందరును తలచిరి.

అప్పుడా కర్మాగారపు మేస్త్రీ యొకడు జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని రికార్డు తెచ్చి యతనికి వినిపించెను. ఆ విద్వాంసుడు అగ్నిప్రమాదమున చేయి కాలి, రెండువ్రేళ్లతోనే ప్రధానముగా వాయించి కీర్తి గడించినవాడు. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసాను కరగించి, కుట్టుపనిలో సూది గ్రుచ్చుకొనకుండ మనము వ్రేలికి పెట్టుకొను తొడుగువంటి తొడుగులు రెండు తానే చేసికొని, వానిపై తోలు అంటించుకొనెను. వ్రేళ్లకు నొప్పి కలుగకుండుటకై సన్నని తంత్రులు కట్టెను. 1971 నాటికి ఆ తంత్రులను వదులు చేసి శ్రుతిని మిక్కిలి దించెను. శ్రుతి దిగుటచే నాదము బరువెక్కెను. ఈనాడు ప్రపంచమంతయు హెవీ మెటల్ అని పిలుచు ఆ గంభీరధ్వని యొక గాయపడిన చేయి తన పనికి వెదకుకొన్న యుపాయమునుండి వచ్చినది. ఇంటిలో విరిగిన పిడికి గుడ్డ చుట్టి గరిటె నడపుకొను మనకిది యర్థము కాని విషయము కాదు.

బ్లాక్ సాబత్ వారి మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13వ తేదీన వెలువడెను. దానిని దాదాపుగా నొక్క దినములోనే ముద్రించిరి. దాని మొదటి పాటలోని గిటారు పలుకు మూడు స్వరములే. మన పరిభాషలో చెప్పవలెనన్న షడ్జము, తారషడ్జము, ప్రతిమధ్యమము. షడ్జమునకును ప్రతిమధ్యమమునకును నడుమ గల యెడమును పాశ్చాత్యులు అశుభముగా నెంచి, సైతాను స్వరమని పేరు పెట్టిరి. మనకో, డెబ్బదిరెండు మేళకర్తలలో ముప్పదియారు ప్రతిమధ్యమ రాగములే. కల్యాణి పాడనిదే మన పెండ్లిండ్లు జరుగునా? ఒకరికి భీతి గొల్పు స్వరము మరియొకరికి మంగళకరము. ఈ సంగతి తెలిసిన నాడు మాకా పాట వినుటలో నొక క్రొత్త వెలుగు దోచెను. అయోమీ ఆ ప్రతిమధ్యమమును నిలిపి, కదిలించి, చీకటిలోనికి జార్చును. మన వైణికులు దానినే పంచమమువైపు నడిపించి సంతోషింపజేయుదురు. స్వరమొకటే, నడక వేరు.

ఇంత కఠోరమైన సంగీతము కుటుంబస్త్రీకి తగునా యని యడుగువారికి మేము చెప్పునది యిది. భరతముని నాట్యశాస్త్రమున నెన్నిన రసము లెనిమిది. వానిలో వీరము, రౌద్రము, భయానకము, బీభత్సము అనునవి నాలుగు. సగము రసములను మగవారికి విడిచి, శృంగారకరుణములే స్త్రీలవని యే యాలంకారికుడును చెప్పలేదు. తిక్కన సోమయాజి స్త్రీపర్వమును చదివినవారికి రణభూమిలో గాంధారి కన్నులబడిన దృశ్యము లెట్టివో తెలియును. అది చదివి యోర్చుకొన్న మనకు గిటారు గరుకుదనము బరువా?

ఈ సంగీతమందలి మేలైన పాటలలో నాలోచనయు కలదు. బ్లాక్ సాబత్ వారు 1970లో వెలువరించిన “వార్ పిగ్స్” అను పాట యుద్ధము పన్ని తాము మాత్రము సురక్షితముగా కూర్చుండు పెద్దలను నిందించుచున్నది. అమెరికా దేశపు మెటాలికా మేళమువారు 1988లో వెలువరించిన “వన్” అను పాటయందు యుద్ధమున కాలుసేతులను, చూపును, వినికిడిని గోల్పోయి, బ్రతికియు పలుకలేని సైనికుని మనోవేదన కలదు. డాల్టన్ ట్రంబో 1939లో ప్రకటించిన నవల దానికి మూలము. ఇంగ్లండువారైన ఐరన్ మెయిడెన్ మేళము 1984లో, కోల్‌రిడ్జి మహాకవి ముసలి నావికుని కథను తీసికొని, సుమారు పదుమూడున్నర నిమిషముల పాటగా చేసినది. మా యింటివారు పాఠశాలలో ఆంగ్లము బోధింతురు. తరగతిలో ఆ పద్యమునకు ఆవులించిన పిల్లలు పాట వినిపించిన నాడు కథ చివర నేమయ్యెనని తామే పుస్తకము తెఱచి చూచిరట. ఈ మేళములవారి పాటలన్నియు పిల్లలకు వినిపింపదగినవని మేమనము. కావ్యములలో వలెనే యిందును ఏరుకొనవలసినవి కలవు, మానవలసినవి కలవు. ఏరుట మన చేతిలోని పని.

ఇక మాకీ రుచి యెట్లబ్బినదో చెప్పవలెను. మా యన్నగారు బెంగుళూరున చదువుకొనుచు సెలవులకు వచ్చినప్పుడెల్ల క్యాసెట్టులు తెచ్చెడివారు. నాయనగారు పగటినిద్ర పోవు వేళ, వెనుకటి వసారాలో ధ్వని తగ్గించి యిరువురము వినెడివారము. 2007 మార్చి 17వ తేదీన ఐరన్ మెయిడెన్ వారు బెంగుళూరు ప్యాలెస్ మైదానమున పాడిరి. అన్నగారు వెళ్లిరి. మేము పోయెదమన్నచో ఆడపిల్లకు తగదని యింట వలదనిరి. ఆ రాత్రి అన్నగారు జనసమూహమునడుమ నిలిచి తమ టెలిఫోను చేతితో పైకెత్తి పట్టుకొనిరి. ఇచ్చట చెవి నొక్కి పట్టుకొని మేము వినినది గాలిహోరును, జనుల కేకలును మాత్రమే. అయినను ఆ పదినిమిషములును కదలక నిలిచితిమి.

తరువాత పెండ్లి, కాపురము, పిల్లలు. క్యాసెట్టుల పెట్టె పుట్టింటనే యుండెను. 2025 జూలై 5వ తేదీన బ్లాక్ సాబత్ వారి తొలినాటి నలుగురును తమ పుట్టినయూరైన బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్కు మైదానమున కడసారి కలిసి పాడిరి. వ్యాధిపీడితుడైన ఓజీ ఆస్బోర్న్ నిలువలేక సింహాసనమువంటి యాసనమున కూర్చుండి పాడెను. పదునేడు దినములకు, 22వ తేదీన, డెబ్బదియారేండ్ల వయస్సున ఆయన మరణించెను. ఆ వార్త చదివిన నాడు అన్నము వండుచునే మాకు తెలియకుండ ఆ పాత పలుకు మ్రోల్చితిమి. మా చిన్నది “అమ్మా, అదేమి పాట?” అని యడిగెను. దానికి పేరు చెప్పగలిగితిమి గాని వినిపింపలేకపోతిమి. ఆ దసరా సెలవులలో పుట్టింటికి పోయి పెట్టె దింపించితిమి.

ముప్పదిరెండు క్యాసెట్టులలో తొమ్మిదింటికి తెల్లని బూజు పట్టినది. రెండింటిలో టేపును నొక్కిపట్టు చిన్న మెత్త ఊడిపోయినది. మా యూరి బజారులో రేడియోలు బాగుచేయు ముసలాయన మా పాత టేపురికార్డరుకు రబ్బరు బెల్టు మార్చి, ఐదు మరచీలలు విప్పి క్యాసెట్టు టేపును క్రొత్త డొక్కులోనికి మార్చు విధానమును మాకు నేర్పెను. ఊలు చిక్కు తీయగల చేతికిది కష్టము కాదు. వారము దినములలో ఏడు క్యాసెట్టులు మరల పలికెను. అప్పటినుండియే సేకరణ మరల మొదలయ్యెను.

మొదటిరోజున మా యత్తగారు వచ్చి “ఏమిటే అమ్మాయీ ఈ గోల? రుబ్బురోట్లో రాళ్లు పడ్డట్టుంది” అనిరి. వా రన్నది నిజమే. మేము ధ్వని తగ్గించి, యీ పెట్టెలో నేమున్నదో చూపితిమి. 1982 నాటి ఐరన్ మెయిడెన్ పాటలు కలవు, 1984 నాటివి కలవు, నడుమ 1983లో వచ్చిన “పీస్ ఆఫ్ మైండ్” మాత్రము లేదు; అన్నగారి స్నేహితు డెవరో పట్టుకొనిపోయి మరల తేలేదు. అత్తగారు కొంతసేపు పెట్టెను చూచి “జత తప్పిందన్నమాట. నా ఎద్దులబండి లాగానే” అనిరి. వారి బొమ్మలకొలువులో కొండపల్లి యెద్దులబండి యొకటి కలదు. బండి తోలువాని బొమ్మ ముప్పదియేండ్ల క్రిందట పోయినది. కొండపల్లి వెళ్లిన ప్రతిసారియు ఆ కొలతకు సరిపోవు తోలువానికై వారు వెదకుచునే యున్నారు. ఆనాటినుండి వారు మా క్యాసెట్టులను గూర్చి గోల యనలేదు. కొలువుబొమ్మల బీరువాలో క్రింది యర ఖాళీచేసి మాకిచ్చిరి.

ఆలోచింపగా సేకరణ వినోదము మన స్త్రీలకు విదేశములనుండి వచ్చినది కానే కాదు. బొమ్మలకొలువు కంటె మేలైన సేకరణ యేమి కలదు? తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడుకర్రపై లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు తరతరములుగా కూర్చి, మెత్తని పాతచీరలలో చుట్టి, ఏటికొకసారి మెట్లమీద నమర్చి, పేరంటాండ్రను పిలిచి చూపుట – కూర్చుట, కాపాడుట, వరుస తీర్చుట, నలుగురితో పంచుకొనుట అను సేకర్త ధర్మములు నాలుగును అందులోనే యున్నవి.

లక్కయన్న మాట వచ్చినది గనుక ఇంకొక్కటి. తొలినాటి గ్రామఫోను ప్లేట్లు లక్కతోనే చేయబడెడివి. ప్రపంచమునకు లక్క నధికముగా పంపినది మన హిందూదేశమే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గారు పాడిన పాటలు ఎక్కినవి అట్టి ప్లేట్లపైననే. మన చేతిగాజులకును, పిల్లల బొమ్మలకును, ప్రపంచపు పాటలకును ఒక్కటే బంక ఆధారమై యుండెను. నిమిషమునకు సుమారు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగు ఆ ప్లేటు ప్రక్క కొకటికి మూడు నాలుగు నిమిషములు మాత్రమే పాడెడిది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వినైల్ అను ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పీ. రికార్డును వెలువరించిరి. అది నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు కొంచె మెక్కువగా తిరుగుచు ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాడును. హెవీ మెటల్‌లోని దీర్ఘమైన పాటల కిదియే పుట్టినిల్లు. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును వెలువరించిరి. అది చేతిలో నిముడునది, ఇంటిలోనే ముద్రించుకొన వీలయినది; అందుచే పేదవాని కదియే రికార్డయ్యెను.

ఈ సంగీతము పెరిగినది సేకర్తల చేతులమీదుగనే యన్న నతిశయోక్తి కాదు. లార్స్ ఉల్రిక్ అను డెన్మార్కు దేశపు యువకుడు ఇంగ్లండు మేళముల రికార్డులను వెఱ్ఱిగా కూర్చెడివాడు. 1981లో, పదునేడేండ్ల ప్రాయమున, కాలిఫోర్నియానుండి ఇంగ్లండు పోయి తనకిష్టమైన డయమండ్ హెడ్ అను మేళమువారిని కలిసికొని వారియొద్దనే యుండెను. తిరిగివచ్చిన తరువాత మెటాలికా మేళమునకు మూలపురుషులలో నొకడయ్యెను. 1982లో వారు చేసిన మాదిరి క్యాసెట్టును సేకర్తలు ఒకరినుండి యొకరు మరల మరల ముద్రించుకొని తపాలాలో పంపుకొనిరి. ఒక పత్రికాప్రకటన లేకుండ అది దేశమంతయు తిరిగెను.

తిరిగి తిరిగి న్యూజెర్సీ రాష్ట్రమున సంతలో రికార్డుల దుకాణము నడుపు దంపతుల కడకు చేరెను. వారు జాన్ జజులా, మార్షా జజులా. పెద్ద కంపెనీ లేవియు ముందుకు రాకున్నను, ఆ దంపతులు ఆ బాలురను కాలిఫోర్నియానుండి పిలిపించి తమ యింటనే దింపుకొని, మెగాఫోర్స్ అను పేర స్వంతముగా కంపెనీ పెట్టి, 1983 జూలైలో “కిల్ ఎమ్ ఆల్” అను వారి మొదటి రికార్డును వెలువరించిరి. మెటాలికా చరిత్ర చెప్పువారు గిటారులను గూర్చి చాల చెప్పుదురు. ఆకలితో దిగిన యువకులను పసిబిడ్డ గల యింటిలో నుంచుకొని, సంతలో దుకాణము కూర్చుండి, లెక్కలు వ్రాసి, ఆ సంగీతమును నిలబెట్టినవారిలో నొక గృహిణి కలదని మనము చెప్పుకొనవలెను. మార్షాగారు 2021లోను, జాన్‌గారు 2022లోను కాలధర్మము నొందిరి.

వాయించిన స్త్రీలును తక్కువవారు కారు. లండనున 1978లో గర్ల్‌స్కూల్ అను పేర నలుగురు యువతులు మేళము కట్టి మగవారి మేళములతో సమానముగా వేదిక లెక్కిరి. మనకింకను దగ్గరి యుదాహరణము ఇండోనీషియాలోనిది. పశ్చిమ జావాలోని గారుత్ ప్రాంతమున ముగ్గురు ముసల్మాను బాలికలు పాఠశాలలో చదువుచుండగా వారి యుపాధ్యాయుడొకడు ఈ సంగీతమును వినిపించెను. 2014లో వారు మేళము కట్టి, తమ సుందానీ భాషలో వాగుడు, గోల యను నర్థము వచ్చు మాటతో “వాయిస్ ఆఫ్ బాచెప్రోత్” అని పేరిడుకొనిరి. తలపై ముసుగు తీయకుండనే గిటారు పట్టిన వారిని ఇరుగుపొరుగువారు నిందించిరి, పాడవలదనిరి. దైవమా, మమ్ము వాయింపనిమ్ము అను నర్థము గల పేరుతో వారొక పాటనే కట్టిరి. 2024లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ యుత్సవమున పాడిన తొలి ఇండోనీషియా మేళము వారిదే. ఉపాధ్యాయుని యింటిలో నుండు మాకీ కథ మిక్కిలి యిష్టము. ఒక బడిపంతులు ఒక పాట వినిపించిన ఫలమెంతదూరము పోయినదో చూడుడు.

చేతి టెలిఫోనులో పాటలన్నియు నుండగా ఈ ప్లేట్లేల, టేపులేల యని కొందరందురు. వినుట కదియు మంచిదే, మేమును వినుచున్నాము. కాని యది మనది కాదు; చందా ఆగిన నాడు పాట యాగును. పైగా వందపాటలలో నొక్కటియు తుదివరకు వినము. రికార్డు పెట్టినచో ఇరువది నిమిషములు కూర్చుండి, లేచి, ప్రక్క త్రిప్పవలెను. రోజంతయు ఇతరుల పనులకు లేచు స్త్రీ తన పనికై లేచుట యొక్కసారియైన నుండవలదా? ఈ కోరిక మన కొక్కరిదే కాదు. అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు సుమారు నాలుగుకోట్ల పదిలక్షలును, కాంపాక్టు డిస్కులు మూడుకోట్ల ముప్పదిలక్షలును అమ్ముడుపోయెను. 1987 తరువాత డిస్కులను రికార్డులు మించుట అదే మొదలు.

ఇక సేకరణము నారంభింపదలచిన సోదరీమణులకు మా యనుభవమున తేలిన కొన్ని విషయములు చెప్పెదము.

మొదటిది, ధనము. క్రొత్త ఎల్.పీ. రికార్డొకటి రెండుమూడు వేల రూపాయలు పలుకుచున్నది. ఉపాధ్యాయుని జీతముతో నడచు సంసారమున కది ప్రతినెలయు పొసగునది కాదు. మేము నెలకు మూడువందల రూపాయలు వేరు డబ్బాలో వేసికొందుము. దానిలో పడిన దానితోనే కొందుము. అప్పు చేసి గాని, పాలలెక్కలో మిగిల్చి గాని కొనము. అందుచే మా యర పెక్కుభాగము పాత క్యాసెట్టులతోను, డిస్కులతోను నిండినది. రికార్డులు పదకొండే. “పీస్ ఆఫ్ మైండ్” క్యాసెట్టు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారము నాడు కాలిబాటపై పరచు పాత పుస్తకముల నడుమ అరువది రూపాయలకు దొరకినది. ఆనాటి సంతోషమునకు వెల కట్టలేము. దూరమునుండి తెప్పించువారు ముందుగా రెండుప్రక్కల ఛాయాచిత్రములును అడుగవలెను. ఒకానొక విక్రేత క్రొత్తదని చెప్పి పంపిన రికార్డు పెనముమీది అప్పడమువలె వంగి వచ్చినది.

రెండవది, కాపాడుట. రికార్డులను పళ్లెములవలె నొకదానిపై నొకటి పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. మన గుంటూరు, బెజవాడ యెండలకు కిటికీ ప్రక్కనుగాని, మూసిన కారులోగాని పెట్టిన రికార్డు వంగిపోవును. నూరు రికార్డులు అట్టలతో కూడ సుమారు ఇరువదియైదు కిలోలు తూగును గనుక పలుచని బల్ల చాలదు. ఈ లోహసంగీతము నిజముగనే బరువైనది. దుమ్మును మెత్తని గుడ్డతో గీతలవెంట గుండ్రముగా తుడువవలెను, అడ్డముగా తుడువరాదు. క్యాసెట్టులకు శత్రువులు రెండు – తేమ, అయస్కాంతము. వానకాలమున బీరువాలో తేమ పీల్చు పొట్లములు వేసి, సంవత్సరమున కొకసారియైన టేపును మొదటినుండి తుదివరకు త్రిప్పవలెను. బూజుపట్టిన దానిని శుభ్రపరుపక యంత్రములో పెట్టినచో ఆ బూజు తక్కినవానికి నంటును.

మూడవది, చెవి. బిగ్గరగా విననిదే యీ సంగీతము వినినట్లు కాదని యువకు లందురు. అది నమ్మవలదు. వారమున కెనుబది డెసిబెల్లుల ధ్వనిని నలువది గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు హద్దు చెప్పిరి. ధ్వని పెరిగినకొలది ఆ కాలము త్వరగా తరిగిపోవును. పిల్లలకింకను తక్కువ చాలును. ఎదుటివారు మామూలు గొంతుతో మాటలాడిన మనకు వినబడునంత ధ్వని యింటికి చాలును.

నాలుగవది, హద్దు. ఒకే రికార్డును నాలుగు రంగులలో ముద్రించి “ఇన్ని మాత్రమే కలవు” అని తొందరపెట్టి యమ్ముట యిప్పటి వర్తకుల నేర్పు. రంగు మారినంత మాత్రమున పాట మారదు. కొన్నదానిని మూడుసార్లు పూర్తిగా వినినగాని మరియొకటి కొనరాదని మేమొక నియమము పెట్టుకొన్నాము. ఒక చిన్న పుస్తకమున ప్రతి వస్తువునకును సంఖ్య, కొన్న తేది, వెల, విన్ననాటి మా యభిప్రాయము వ్రాసికొందుము. చాకలిపద్దు వ్రాయగల చేతికి ఇదెంతపని? జతలుపడినవానిని అమ్ముటకంటె ఇచ్చివేయుట మేలు. మేమిచ్చిన క్యాసెట్టొకటి మా వీథిలోని కళాశాల విద్యార్థినికి చేరినది; ఆ పిల్ల యిప్పుడు డ్రమ్ములు నేర్చుకొనుచున్నది.

ఇన్ని చెప్పినను అసలు చెప్పవలసిన దింకొకటి కలదు. ఈ వినోదమువలన లాభమేమని మిమ్ము నడుగుదురు. కుట్టుపని యన్న చీర కగును, వంట యన్న నోటి కగును. దీనివలన ఇంటికేమి యొరిగెనందురు. దానికి జవాబు వెదకుచు వెచ్చించు కాలము వ్యర్థము. ఇంటికి పనికివచ్చు పనులు మనము ఉదయమునుండి చేయుచునే యున్నాము. ఒక్క యర, ఒక్క గంట, నెలకు కొద్ది రూపాయలు – ఇవి మనకొఱకే యుండుట వలన సంసారము చెడదు. ఇంటివారికి అన్నము, ఔషధము, చదువు అమర్చుటలో లోపము రానంతవరకు ఆ గంటను గూర్చి యెవ్వరికిని సంజాయిషీ చెప్పికొన నక్కరలేదు.

హెవీ మెటల్ మీ కింపు కాకపోవచ్చును, కానక్కరలేదు. మీరు విడిచివచ్చినది వేరొకటి యుండును. పాత సినిమా పాటలపుస్తకములో, నాణెములో, గవ్వలో, అగ్గిపెట్టెల పటములో – అదేదో మీకే తెలియును. ఈసారి పుట్టింటికి పోయినప్పుడు అడిగి తెచ్చుకొనుడు. బూజు పట్టియుండినచో తుడుచుకొనవచ్చును. జత తప్పియుండినచో వెదకుకొనవచ్చును. ఆ వెదకుటయే సగము వేడుక.